ఎదగాలంటే మనుషులను వదిలించుకోవాలా?

వ్యక్తిత్వ వికాసం పేరిట చెలామణీ అవుతున్న సలహాలలో నాకు అన్నింటికంటే అభ్యంతరకరంగా తోచేది ఒకటుంది. మీ ఎదుగుదలకు పనికిరాని మనుషులను వదిలించుకోండి, మీకంటే పై మెట్టు మీద ఉన్నవారితోనే తిరగండి, మీ చుట్టూ ఉన్న ఐదుగురి సగటే మీరు అన్నది దాని సారాంశం. పైకి ఇది వివేకంలాగే కనిపిస్తుంది. కాస్త నిదానించి ఆలోచిస్తే మాత్రం ఈ సూత్రాన్ని ఇద్దరు మనుషులు ఒకేసారి పాటించడం అసాధ్యమని తేలిపోతుంది. నేను నాకంటే ఎదిగినవారిని వెతుక్కుంటూ వెళితే, వారు కూడా ఇదే సూత్రాన్ని నమ్మినవారైతే, వారి లెక్కలో నేను వదిలించుకోవలసిన మనిషినే అవుతాను. వారు నన్ను దగ్గరకు రానిచ్చారంటే ఆ సూత్రాన్ని పక్కన పెట్టారనే అర్థం. అంటే ఈ సలహా ఫలించాలంటే దాన్ని పాటించని మంచివారు ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. ఇతరుల ఔదార్యం మీద ఆధారపడుతూ, ఆ ఔదార్యాన్ని తాను మాత్రం ఎవరికీ చూపనక్కరలేదని చెప్పే నియమాన్ని ఎదుగుదల సూత్రంగా నేను ఒప్పుకోలేను.

ఎదుగుదల అనుబంధాలను మార్చదని నేను అనడం లేదు. తప్పకుండా మారుస్తుంది. కొత్త చదువులో చేరడం, వృత్తి మార్చుకోవడం, ఒక వ్యసనం నుంచి బయటపడటం, ఒక ఆశయానికి కట్టుబడటం వంటివేవీ ఇంట్లోవారిని, స్నేహితులను తాకకుండా జరిగేవి కావు. అయితే ఆ మార్పు కంటే, ఆ మార్పు గురించి మనం పాటించే మౌనమే మనుషులను ఎక్కువగా దూరం చేస్తుందని నా నమ్మకం. మనలో ఏం జరుగుతున్నదో దగ్గరివారితో చెప్పుకోం, వారిలో ఏం జరుగుతున్నదో అడిగి తెలుసుకోం. కొన్నేళ్ళు గడిచేసరికి ఒకరికొకరు కొత్తవాళ్ళమైపోయి, ఆ దూరానికి ఎదుగుదల అని గౌరవప్రదమైన పేరు పెట్టుకుంటాం.

1989లో అమెరికన్ మనస్తత్వవేత్త కేరల్ రిఫ్ మనిషి మానసిక క్షేమానికి ఆరు కొలతలు ప్రతిపాదించారు. తనను తాను అంగీకరించగలగడం, స్వతంత్రంగా నిర్ణయించుకోగలగడం, పరిసరాలను చక్కబెట్టుకునే నేర్పు, జీవితానికి ఒక ఉద్దేశం, వ్యక్తిగత ఎదుగుదల, ఇతరులతో మంచి సంబంధాలు అనేవి ఆ ఆరు. ఇందులో నన్ను ఆకట్టుకున్నది చివరి మూడూ ఒకే జాబితాలో ఉండటం. ఉద్దేశం, ఎదుగుదల, సంబంధాలు ఒకే మనిషి క్షేమానికి కొలతలైనప్పుడు, ఒకదాన్ని బలి ఇచ్చి మరొకదాన్ని పెంచుకోవడమంటే మొత్తం మీద ఏమీ పెరగకపోవడమే. మనస్తత్వవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ ప్రతిపాదించిన సిద్ధాంతం కూడా స్వతంత్రత, సామర్థ్యం, అనుబంధం మూడింటినీ మనిషి మౌలిక అవసరాలుగానే లెక్కించింది.

సిద్ధాంతాల కంటే మనుషుల జీవితాలు ఈ విషయాన్ని బాగా చెబుతాయి. మేరీ, పియరీ క్యూరీల సంగతి చూడండి. 1895లో వారి వివాహం జరిగేనాటికే పియరీ పేరున్న శాస్త్రవేత్త. స్ఫటికాల మీద, అయస్కాంత ధర్మాల మీద ఆయన చేసిన పని శాస్త్రలోకానికి తెలుసు. మేరీ అప్పుడప్పుడే పరిశోధన మొదలుపెడుతున్నారు. యురేనియం వెలువరించే కిరణాల మీద ఆమె పనికి పూనుకున్నప్పుడు, ఆ అతి సూక్ష్మమైన విద్యుత్ ప్రవాహాన్ని కొలవడానికి ఉపయోగపడినది అంతకు పూర్వం పియరీ, ఆయన అన్న జాక్ కలిసి రూపొందించిన పరికరమే. 1898లో ఆమె పని ఎంత లోతుగా వెళుతున్నదో గ్రహించిన పియరీ తన స్ఫటికాల పరిశోధనను పక్కన పెట్టి ఆమె ప్రశ్నలో భాగస్వామి అయ్యారు. ఆ ఏడాది జులైలో పొలోనియం, డిసెంబరులో రేడియం బయటపడ్డాయి.

ఇందులో నాకు బాగా నచ్చిన ఘట్టం ప్రయోగశాలలో జరిగినది కాదు. 1903లో నోబెల్ బహుమతికి మొదట పియరీ పేరు, హెన్రీ బెకెరెల్ పేరు మాత్రమే పరిశీలనలో ఉన్నాయి. ఆ సంగతి స్వీడన్ గణిత శాస్త్రవేత్త మిట్టాగ్-లెఫ్లర్ ద్వారా చెవిన పడగానే, తన పేరును పరిశీలించేటట్లయితే రేడియోధార్మికత మీద జరిగిన పనిలో మేరీతో కలిపే పరిశీలించాలని పియరీ ఆయనకు జవాబు రాశారు. చివరకు ఆమె పేరు కూడా చేరింది. తన పక్కనున్న మనిషి ఎదిగిన సంగతిని ఆయన ముందుగా గమనించారు, ఆ ఎదుగుదలలో తనకేం పాత్ర ఉందో తెలుసుకున్నారు, ఇతరులు దాన్ని చూడనప్పుడు నోరు విప్పి చెప్పారు. ఈ మూడూ చేయగలిగిన మనిషి పక్కన ఉండటం కంటే గొప్ప అదృష్టం ఎదగాలనుకునేవారికి మరొకటి లేదు. 1906లో పియరీ మరణించాక ఆమె ఆయన బోధనా స్థానంలోకి వెళ్ళి, 1911లో రసాయన శాస్త్రంలో మరో నోబెల్ అందుకున్నారు. తోడు లేకపోతే నిలవలేని ఎదుగుదల కాదది. అయినా ఆ తోడు వల్ల దాని దారి మారిందన్నది కాదనలేని సత్యం.

1999లో మనస్తత్వవేత్తలు స్టీఫెన్ డ్రిగోటస్, కేరిల్ రస్‌బల్ట్ తదితరులు ప్రచురించిన పరిశోధన ఇటువంటి తోడ్పాటునే పరిశీలించింది. రాతిలో దాగిన రూపాన్ని శిల్పి వెలికి తీసినట్లు, సన్నిహితులు మనలోని ఆదర్శ రూపాన్ని వెలికి తీస్తారన్న భావంతో వారు దీనికి మైకెలాంజిలో పేరు పెట్టారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. సన్నిహితులు మలచవలసినది మనం కోరుకున్న రూపాన్ని, తాము కోరుకున్న రూపాన్ని కాదు. మంచి చేస్తున్నామన్న పూర్తి నమ్మకంతోనే ఎందరో తల్లిదండ్రులు, జీవిత భాగస్వాములు ఎదుటివారిని తమ ఊహలోని మనిషిగా చెక్కడానికి ప్రయత్నిస్తారు. ఎదుటివారు ఏమి కాదలచుకున్నారో వారి నోటనే వినకపోతే ఆ తేడా ఎప్పటికీ తెలిసే అవకాశం లేదు.

నా మిత్రుడొకరు నలభై దాటాక ఉద్యోగం చేసుకుంటూనే న్యాయశాస్త్రం చదవడం మొదలుపెట్టారు. ఆయన చిన్ననాటి స్నేహితుడికి చట్టాలతో ఏ సంబంధమూ లేదు. జీవితమంతా ఖాతా పుస్తకాలతో గడిపిన మనిషి. అయినా వారంలో కొన్ని సాయంత్రాలు వచ్చి, పుస్తకం తన చేతిలోకి తీసుకుని, సెక్షన్ నంబరు చదివి, "ఊఁ, ఇప్పుడు చెప్పరా" అని కూర్చునేవారు. ఈయన అప్పజెబుతుంటే వేలితో వరుసలు అనుసరిస్తూ వెళ్ళేవారు. మధ్యలో ఆపి, "నువ్వు చెప్పింది పుస్తకంలో ఉన్నట్టే ఉంది గానీ నాకు ముక్క అర్థం కాలేదు, నాకు అర్థమయ్యేటట్టు చెప్పు" అనేవారు. ఆ క్షణంలో నా మిత్రుడు తడబడేవారు. తాను కంఠస్థం చేసినదేమిటో, నిజంగా గ్రహించినదేమిటో అక్కడ తేలిపోయేది. ఐదుగురి సగటు లెక్కవేసే సలహాదారు దృష్టిలో ఆ ఖాతాల మనిషి ఈ కొత్త ప్రయాణానికి పనికిరాడు. వాస్తవంలో ఆ చదువుకు ఆయన చేసిన మేలు ఏ సహాధ్యాయీ చేయలేదు.

అదే మిత్రబృందంలో మరొకరు ప్రతి కలయికలోనూ "ఈ వయసులో నీకెందుకురా ఇదంతా" అని నవ్వేసేవారు. ఇటువంటివారినే మనకు వదిలించుకోమని చెబుతారు. కానీ ఆ నవ్వు వెనుక ఏముందో చూడాలి. స్నేహితుడు మారిపోతే తనకు అతని జీవితంలో ఏ చోటు మిగులుతుందన్న బెంగ ఒకటి, తాను వదిలేసుకున్న కోరికలేవో గుర్తుకు రావడం మరొకటి. నా మిత్రుడు ఒకరోజు ఆయన్ను పక్కకు పిలిచి, ఈ చదువు తనకు ఎందుకు అవసరమనిపించిందో, ఎంత భయంగా ఉందో మనసు విప్పి చెప్పారు. ఆ తర్వాత హేళన పూర్తిగా ఆగిపోయిందని చెప్పలేను, కానీ పరీక్షల రోజుల్లో క్షేమం కనుక్కుంటూ మొదటి ఫోన్ చేసినది ఆయనే.

దగ్గరివారి ఎదుగుదల మనసును కుట్టడం మామూలు విషయమే. దాన్ని దుర్మార్గంగా చూడకూడదు. ఏబ్రహాం టెస్సర్ అనే మనస్తత్వవేత్త 1980లో జోనథన్ స్మిత్‌తో కలిసి చేసిన ప్రయోగంలో, మాటను ఊహించి పట్టుకునే ఒక ఆటలో కొందరికి తమ స్నేహితులకు, ముక్కూ మొహం తెలియనివారికి ఆధారాలు అందించే పని అప్పగించారు. ఆ ఆటకు అంత ప్రాముఖ్యం లేదని చెప్పినప్పుడు స్నేహితులకే తేలికైన ఆధారాలు అందాయి. ఆట తమ ముఖ్యమైన సామర్థ్యాలకు కొలమానమని చెప్పినప్పుడు మాత్రం పరాయివారికంటే స్నేహితులకే కష్టమైన ఆధారాలు ఇచ్చారు. మనం దేన్నయితే మన గుర్తింపుగా భావిస్తామో, ఆ రంగంలోనే మనవారు మనల్ని దాటిపోతే దగ్గరితనం బాధను తగ్గించకపోగా పెంచుతుంది. ఈ సంగతి తెలిసిన మనిషి స్నేహితుడి ముఖంలో కనబడిన క్షణకాలపు వెలితిని ద్రోహంగా లెక్కవేయడు. తన మనసులో పుట్టిన అసూయను చూసి తానే హడలిపోడు కూడా.

ఆ క్షణం తర్వాత ఏం చేస్తామన్నదే తేల్చవలసిన ప్రశ్న. మనస్తత్వవేత్త షెల్లీ గేబుల్ బృందం 2004లోనూ 2006లోనూ ప్రచురించిన అధ్యయనాలు దీనికి సమాధానం ఇస్తాయి. ఒకరు శుభవార్త చెప్పినప్పుడు ఎదుటివారు ఉత్సాహంగా వివరాలు అడగవచ్చు, ముక్తసరిగా బాగుందని ఊరుకోవచ్చు, అందులోని ఇబ్బందులను ఏకరువు పెట్టవచ్చు, లేదా మాట దాటేయవచ్చు. మొదటి రకం స్పందన దొరికిన జంటలలోనే సంబంధం ఆరోగ్యంగా ఉన్నట్లు తేలింది. కష్టాల్లో తోడుండటం గురించి మనం ఎంతో మాట్లాడతాం. సంతోషాన్ని ఎలా స్వీకరిస్తామన్నది బంధానికి అంతకంటే గట్టి పరీక్ష కావచ్చునని 2006 నాటి ఫలితాలు సూచించాయి. ఎదుగుతున్న మనిషికి కావలసినది పెద్ద సహాయమేమీ కాదు. "తర్వాత ఏమైంది? అప్పుడు నీకేమనిపించింది?" అని అడిగే మనిషి ఉంటే చాలు. అదే సమయంలో, ఆ ప్రశ్నలను తాను ఎదుటివారిని ఎన్నిసార్లు అడుగుతున్నానన్నది ఎదుగుతున్న మనిషి కూడా చూసుకోవాలి. నా దృష్టిలో పరీక్ష ఇక్కడుంది. తన ప్రయాణం గురించి గంటసేపు చెప్పి, ఎదుటి మనిషి నెల రోజులుగా నిద్రపోవడం లేదన్న సంగతి కనిపెట్టలేకపోయిన మనిషిలో నైపుణ్యం పెరిగి ఉండవచ్చు, మనిషితనం ఎంత పెరిగిందన్నది నాకు సందేహమే.

పాత పరిచయాలు సడలిపోవడం సహజమే కదా అని కొందరు అనవచ్చు. నిజమే. నెదర్లాండ్స్‌లో సామాజిక శాస్త్రవేత్త గెరాల్డ్ మోలెన్‌హోర్స్ట్ సుమారు వెయ్యి మందిని వారి సన్నిహితుల గురించి ప్రశ్నించి, ఏడేళ్ళ తర్వాత వారిలో 604 మందిని మళ్ళీ కలిశారు. సన్నిహితుల సంఖ్య పెద్దగా మారలేదు గానీ, ఆ సన్నిహితులలో దాదాపు సగం మంది స్థానంలోకి కొత్తవారు వచ్చారు. ఈ పరిశోధన ముఖ్యంగా చూపించినది, మనం ఎవరితో దగ్గరవుతామన్నది మన ఇష్టం మీదే కాక, ఎవరిని ఎక్కడ కలిసే వీలుందన్న దాని మీద కూడా ఎంతగానో ఆధారపడుతుందని. ఉద్యోగం మారితే, ఇల్లు మారితే, పిల్లల బడి మారితే మనుషులు మారిపోతారు. దాన్ని మన ఆత్మిక పరిణామంగా వర్ణించుకోవడం అతిశయోక్తి. కలిసే సందర్భం పోయింది, కొత్త సందర్భాన్ని మనం కల్పించుకోలేదు, అంతే. అమెరికన్ పరిశోధకుడు జెఫ్రీ హాల్ 2018 నాటి అధ్యయనం ప్రకారం ఒక పరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, స్నేహంగా నిలదొక్కుకోవడానికి దాదాపు 90 గంటలు, గాఢమైన స్నేహం కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపవలసి ఉంటుంది. పాతవారిని దులిపేసుకుని కొత్తవారితో ఆ చోటు నింపుకుంటానన్న మాట అన్నంత తేలిక కాదు.

కుటుంబం విషయంలో అమెరికన్ మనోవైద్యుడు మర్రే బోవెన్ చెప్పినది నాకు అన్నింటికంటే ఉపయోగకరంగా తోచింది. కుటుంబంలో ఒకరు తమకంటూ ఒక నిలకడ సంపాదించుకుని కొత్తగా ప్రవర్తించడం మొదలుపెడితే, మిగిలినవారి నుంచి ప్రతిఘటన దాదాపు తప్పదన్నారాయన. నువ్వు చేస్తున్నది తప్పు అంటారు, మునుపటిలా మారిపొమ్మంటారు, మారకపోతే పర్యవసానాలు ఇలా ఉంటాయని హెచ్చరిస్తారు. ఆ దశలో ఎదురుదాడి చేయకుండా, సంజాయిషీలు చెప్పుకోకుండా, సంబంధమూ తెంచుకోకుండా తన నిర్ణయం మీద నిలబడగలిగితే కొంతకాలానికి ఆ కుటుంబమంతా కొత్త స్థితిలో కుదురుకుంటుందని ఆయన పరిశీలన. అన్నింటినీ తెంచుకుని దూరంగా వెళ్ళిపోయిన మనిషిని ఆయన స్వతంత్రుడిగా లెక్కించలేదు. కట్టుబడి ఉన్న బంధాన్నే తలకిందులుగా మోస్తున్నవాడిగా చూశారు. ఇంటి గడప దాటితే తప్ప నిలకడగా ఉండలేనివాడి నిలకడ ఇంకా పూర్తి కాలేదని నేనూ అనుకుంటాను.

ఇక్కడ ఒక మినహాయింపు స్పష్టంగా చెప్పి తీరాలి. కొట్టేవారిని, నిరంతరం కించపరిచేవారిని, భయపెట్టి అదుపులో పెట్టుకునేవారిని భరించమని ఈ వాదన చెప్పదు. అటువంటి చోటు నుంచి బయటపడటానికి ఎవరి అనుమతీ, ఏ సిద్ధాంతమూ అక్కరలేదు. నాకు ఆందోళన కలిగించేది, ఆ బాధితుల కోసం పుట్టిన పదజాలాన్ని తీసుకువచ్చి మామూలు మనుషుల మామూలు లోపాలకు అంటించడం. ఒక వ్యక్తిత్వ వికాస శిబిరానికి వెళ్ళి వచ్చినవారు, కొన్ని ప్రసంగాలు విన్నవారు, తల్లి ఆదుర్దాను, స్నేహితుడి మొండితనాన్ని, తోబుట్టువు ఫిర్యాదును టాక్సిక్, అంటే విషపూరితం అన్న ఒకే మాటతో కొట్టిపారేయడం తరచూ వింటున్నాను. కొత్తగా వచ్చిన జ్ఞానం మొదట తనను చూసుకోవడానికి ఉపయోగపడాలి. అది ఇతరులకు రోగనిర్ధారణ చేయడానికే ఉపయోగపడుతున్నప్పుడు దగ్గరివారు నోరు మెదపడానికి జంకుతారు, ఆ మౌనాన్ని ఆ కొత్త జ్ఞాని ప్రశాంతత అనుకుంటారు.

ఎదుగుదల గురించి ఇంత చెప్పినా, ఆశయం సంగతి కొంత వేరు. ఆశయానికి మనుషులను కలిపే శక్తి ఉంది. 1954లో సామాజిక మనస్తత్వవేత్త ముజఫర్ షెరీఫ్ ఓక్లహోమాలోని ఒక వేసవి శిబిరంలో పదకొండేళ్ళ వయసున్న 22 మంది బాలురను రెండు జట్లుగా విడదీసి, పోటీలు పెట్టి, వారి మధ్య వైరం ఎలా పెరుగుతుందో చూశారు. ఆ తర్వాత ఇరు జట్లను ఒకేచోట కూర్చోబెట్టి భోజనం పెట్టినా, సినిమా చూపించినా వైరం తగ్గలేదు. నీటి సరఫరా నిలిచిపోయినప్పుడు అందరూ కలిసి లోపం వెతకవలసి రావడం, మొరాయించిన లారీని అందరూ కలిసి తాడుతో లాగవలసి రావడం వంటి పనుల వల్లనే క్రమంగా వారిలో స్నేహం మొలకెత్తింది. పసివారిని అలా ఉసిగొల్పడం సబబేనా అన్న ప్రశ్న నన్ను వదలదు. అయినా ఆ ఫలితం నిజజీవితంలో పదేపదే కనిపిస్తుంది. పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన రాని దగ్గరితనం, ఇద్దరికీ అవసరమైన పనిలో చేయి కలిపినప్పుడు వస్తుంది. ఏళ్ళ తరబడి ముభావంగా ఉన్న అన్నదమ్ములు జబ్బుపడిన తండ్రిని చూసుకోవడంలో వంతులు వేసుకుంటూ మళ్ళీ మాట్లాడుకోవడం మనకు తెలియనిది కాదు.

అదే ఆశయానికి మనుషులను మింగేసే గుణమూ ఉంది. అరిస్టాటిల్ స్నేహాలను ప్రయోజనం కోసం, ఆనందం కోసం, ఎదుటివారి మంచితనం కోసం ఏర్పడేవని మూడు విధాలుగా చెప్పి, ప్రయోజనం తీరగానే మొదటి రకం తెగిపోతుందన్నాడు. ఆశయం తలకెక్కిన మనిషి తెలియకుండానే తన బంధాలన్నింటినీ ఆ మొదటి రకంలోకి దింపేస్తాడు. ఉద్యమానికి ఉపయోగపడేవారు, సంస్థకు పనికివచ్చేవారు, పరిచయాలున్నవారు అన్న దృష్టి స్థిరపడిపోతుంది. మానవాళి మీద ప్రేమతో మొదలైన పనిలో పక్కన పనిచేస్తున్న మనిషి జ్వరంతో ఉన్నాడన్న సంగతి పట్టకపోవడం అంత అరుదేమీ కాదు. నేను గౌరవించే కార్యకర్తలలో, ఆశయానికి ఏ విధంగానూ పనికిరాని కొద్దిమంది మనుషుల కోసం వారంలో కొంత సమయాన్ని పట్టుదలగా కాపాడుకునేవారు ఉన్నారు. వారి పని దానివల్ల కుంటుపడిందని నేను ఎన్నడూ వినలేదు.

ఇద్దరి ఆశయాలు నిజంగా ఢీకొనే సందర్భాలు కూడా ఉంటాయి. ఒకరికి దూరదేశంలో చదువు, మరొకరికి కదలలేని బాధ్యత. ఒకరికి పిల్లలు కావాలి, మరొకరికి వద్దు. ఎంత మనసు విప్పి మాట్లాడుకున్నా ఇటువంటివి కొన్ని తెగవు. అప్పుడు విడిపోవడం తప్పు కాదు. కానీ ఎదుటివారు తక్కువవారు కావడం వల్ల విడిపోయామని చెప్పుకోవడం అబద్ధం. ఇద్దరూ తమ తమ మేరకు సరైనవారే అయినా నష్టం జరగవచ్చు, ఆ నష్టానికి దుఃఖపడే హక్కు ఇద్దరికీ ఉంటుంది.

వయసు పెరిగేకొద్దీ ఈ లెక్క మరో రూపం తీసుకుంటుంది. మిగిలిన కాలం పరిమితమని మనిషి గ్రహించినకొద్దీ కొత్త పరిచయాల కంటే మనసుకు దగ్గరైన కొద్దిమందినే కోరుకుంటాడని మనస్తత్వవేత్త లారా కార్‌స్టెన్‌సెన్ పరిశోధనలు చూపించాయి. అప్పటికి పదవీ విరమణ జరిగి ఉంటుంది, మొదలుపెట్టిన సంస్థ ఇతరుల చేతుల్లోకి వెళ్ళి ఉంటుంది, జీవితమంతా నడిపించిన ఆశయం నెరవేరో ఆగిపోయో ఉంటుంది. ఆశయం కోసం దగ్గరైనవారిలో చాలామంది దానితోపాటే వెళ్ళిపోతారు, అందులో వారి తప్పేమీ లేదు. ఆ సమయానికి మిగిలేది, ఆ ఆశయంతో సంబంధం లేకున్నా మన మార్పులను ఏడాదికేడాది చూస్తూ, తమ మార్పులను మనకు చూపిస్తూ వచ్చినవారు. అటువంటివారిని అరవై ఏళ్ళ వయసులో కొత్తగా సంపాదించుకోవడం అసాధ్యమని నేను అనను గానీ, ముప్పై ఏళ్ళ వయసులో సగటు లెక్కలు వేసుకుని వారిని వదిలేసుకున్న మనిషికి అది చాలా కష్టమైన పని. అందుకే ఆ సలహా ఇచ్చేవారు ముందుగా తమ శ్రోతల వయసు అడగకపోవడం నాకు బాధ్యతారాహిత్యంగా తోస్తుంది.